లైటు పట్టే మొహం

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఒక వీడియో తీయాలంటే ముందు ఇవన్నీ జరగాలి. ఫ్యాను ఆపాలి. పక్కింటి నిర్మలమ్మక్కను బతిమాలి టీవీ సీరియల్ గొంతు తగ్గించాలి. వాళ్ల కోడిపుంజును గంప కింద మూయాలి. రేణిగుంట జంక్షన్‌లో కూత వేసిన రైలు దాటిపోయేదాకా ఆగాలి. రైలు పోయాక విమానం వస్తే, అదీ పోయేదాకా ఆగాలి. మొహం మీద చెమట తుడుచుకోవాలి. కిటికీకి అమ్మ తెల్లచీర కట్టాలి. ఆ చీర గాలికి ఎగరకుండా కింది అంచు పట్టుకుని అమ్మ బయట ఎండలో నిలబడాలి. ఇక చివరిది, గోడ గురించి నాయనతో మాట్లాడాలి.

మిగతావన్నీ ఒక వారంలో అలవాటైపోయాయి. చివరిదాని దగ్గరే ఆగిపోయాను.

నా పేరు రెబెకా. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేశాను, ఆ తర్వాత బీఈడీ. మా వంశంలో కాలేజీ మెట్లు ఎక్కింది నేనే. నాయన వెంకటముని కూడా కాలేజీలకు వెళ్లాడు కానీ సున్నం బకెట్టుతో వెళ్లాడు. ఇళ్లకూ ఆఫీసులకూ సున్నాలు, రంగులు కొట్టడం ఆయన పని. అమ్మ సంతోషమ్మ పొద్దున పూట నాలుగిళ్లల్లో పనిచేసి మధ్యాహ్నానికి ఇంటికొస్తుంది. అమ్మది చర్చి, నాయనది జాతర. దాని గురించి కొట్లాడుకునే తీరిక మా ఇంట్లో ఎవరికీ లేదు.

తిరుపతిలో ఒక కోచింగ్ సెంటర్లో పదో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. ఆ ఏడు వాళ్లు పాఠాలన్నీ వీడియోలు తీయాలనుకున్నారు. మేడ మీద ఒక గదిని స్టూడియో చేశారు. ఆ గదికి సున్నం కొట్టింది మా నాయనే. పాలు పోసినట్టు కొట్టాడు. వీడియోల పని చూసే యదునందన్ సార్ నన్ను ఆ గోడ ముందు కూర్చోబెట్టి, లైటు ఎడమకు జరిపాడు, కుడికి జరిపాడు, పైకెత్తాడు. పౌడర్ వేసుకు రమ్మన్నాడు. వేసుకుంటే మొహం బూడిద గుమ్మడికాయలా ఉందని కడుక్కోమన్నాడు. చివరికి కెమెరా పక్కన పెట్టి, మెత్తగానే చెప్పాడు.

"మేడమ్, తప్పుగా అనుకోవద్దు. మీ పాఠం ఫస్ట్ క్లాస్. మొహమే లైటు పట్టడం లేదు."

"ఇంకొంచెం లైటు వేసి చూడండి సార్."

"ఎంత వేసినా అంతే మేడమ్. కొన్ని మొహాలు పట్టవు. పోనీ మీ గొంతు వాడుకుందామంటే, మధ్యలో 'ఉంది' అనకుండా 'ఉండాది' అనేస్తారు."

అడ్మిషన్ల టేబుల్ దగ్గర కూర్చునే గోదాను పిలిపించారు. పసుపు రాసుకున్నట్టుండే పిల్ల. కూర్చోబెట్టగానే కెమెరాలో బొమ్మ పడింది. కాంతి పాఠం నేను రాసిచ్చాను, ఆ పిల్ల చదివింది. నేను కెమెరా పక్కన నిలబడి, ఆమెకు కనపడేలా కాగితాలు తిప్పాను. పాఠం చివర గోదా పేరే వేశారు. రెండో పాఠం రాసిమ్మన్న రోజు యదునందన్ సార్‌తో ఒకటే మాట అన్నాను.

"మొహం ఎవరిదో పాఠం కూడా వాళ్లనే రాసుకోమనండి సార్."

మెట్లు దిగి వచ్చేశాను. ఆ మెట్ల పక్క గోడ కూడా నాయన కొట్టిందే. దిగుతున్నంతసేపూ అది తెల్లగా నా పక్కనే వచ్చింది.

ఇంట్లో విషయం చెబితే నాయనకు కోపం రాలేదు, ఆశ్చర్యం వేసింది.

"ఆ రూముకు నేను పూత మీద పూత కొట్టినానే బిడ్డా. దీపం లేకున్నా కనపడాల ఆడ మనిషి."

"గోడ కనపడుతుంది నాయనా. నేనే కనపడను."

"అదెట్ల?" అన్నాడు. అదెట్లో ఆయనకు చెప్పడం ఆ రోజు నాకు చేతకాలేదు.

పదో తరగతి ఫలితాలు వచ్చాయి. మా కాలనీలో ఆడపిల్లలు కొందరు ఫిజికల్ సైన్స్‌లో తప్పారు. వాళ్లలో జయంతి మా వీధి చివర పిల్ల, నోరు జాస్తి. గంగ జాతర పోయిన కొన్నాళ్లకే సప్లిమెంటరీ పరీక్ష. కూర్చోబెట్టి చెబుదామంటే పగలంతా ఆ పిల్లలు తల్లులతో పాటు మామిడితోపులకు కాయ కోతకు పోతారు. సాయంత్రం వస్తే వంట, నీళ్లు. "వీడియో తీసి పెట్టక్కా, పండుకునే ముందర చూసుకుంటాం" అన్నది జయంతి. సరే అన్నాను. కాంతి పాఠంతోనే మొదలుపెడదామనుకున్నాను. పంతం అనుకోండి.

మాది ఒక్క గది మిద్దె ఇల్లు. ఒక గోడకు తలుపు, ఒక గోడకు కిటికీ, ఒక గోడకు బీరువా, గిన్నెల అలమర. నాలుగోదే ఖాళీ. దాన్ని నాయన తన కోసం కొట్టుకున్నాడు. బంగళాల్లో మిగిలిన పుట్టీ తెచ్చి నున్నగా పట్టించి, ఉప్పు కాగితంతో రుద్ది, నీలిమందు కలిపిన తెలుపు కొట్టాడు. దానికి మేకు దిగడానికి వీల్లేదు. క్యాలెండర్ తలుపు మీదే ఉండాలి. అమ్మ ఏసుప్రభువు పటం కూడా అలమర మీదే నిలబడి ఉంటుంది. చుట్టాలు వస్తే నాయన కుర్చీని ఆ గోడకు ఎదురుగా వేసి కూర్చోబెడతాడు.

ఆ గోడ ముందు ఫోను పెట్టి మొదటి వీడియో తీసి పిల్లలకు పంపాను. జయంతి వాయిస్ మెసేజ్ పెట్టింది.

"అక్కా, నీ గొంతు బాగా వినపడతా ఉండాది. నువ్వు యాడుండావు?"

వెనక పిల్లలందరూ నవ్వడం వినపడింది. నేనూ నవ్వాను. తర్వాత ఫోను బోర్లా పెట్టేశాను.

శ్రీకాళహస్తిలో పెళ్లి వీడియోలు తీసే మా అత్త కొడుకు ఏబెల్ పాత రింగ్ లైటు ఒకటి ఇచ్చాడు. దాన్ని ఎదురుగా పెట్టి తీశాను. జయంతి మళ్లీ పెట్టింది.

"ఈసారి నువ్వుండావు. కానీ అక్కా, నీ కండ్లద్దాల్లో రెండు గారెలు కనపడతా ఉండాయి. పాఠం ఇనబుద్ధి కాలే, ఆకలయితా ఉండాది."

లైటు తీసి మంచం కింద పెట్టాను. ఇక మిగిలింది సూర్యుడు. మధ్యాహ్నం దాటాక పడమటి కిటికీలోంచి ఎండ పడుతుంది. నడి వేసవి కత్తిరి ఎండ అది, ఊరికే పడదు, కోస్తుంది. మొహం ఒక పక్క మండిపోయి, ఇంకో పక్క చీకటైపోయింది. మధ్యలో ఏదన్నా తెల్లటి పలచని బట్ట ఉంటే వెలుతురు మెత్తబడుతుంది. ఇంట్లో తెల్లటి బట్ట ఒక్కటే ఉంది, ఆదివారాలు అమ్మ చర్చికి కట్టుకునే చీర.

"అమ్మా, నీ తెల్లచీర కావాల."

"ఏలా? నువ్వెప్పుడు కట్టినావు తెల్లచీర?"

"కట్టేదానికి కాదు. కిటికీకి."

అమ్మ నన్నూ కిటికీనీ మార్చి మార్చి చూసింది. "కిటికీకి బాప్తిస్మం ఇస్తావా ఏంది?" అని గొణుగుతూనే పెట్టె తెరిచింది. చీర కట్టగానే గదిలో ఎండ పాల మీగడ అయింది. అమ్మ కూడా చూసింది ఆ మార్పు. "సూడు, నా చీర ఎంత పని చేసిందో" అంది. గాలికి చీర ఎగురుతుంటే తనే వెళ్లి బయట నిలబడి కింది అంచు పట్టుకుంది. తల మీద తువాలు వేసుకుని, ఎండలో, పాఠం అయ్యేదాకా.

మొహానికి వెలుతురు కుదిరింది. గోడ కుదరలేదు.

ఫోనుకు బుర్ర తక్కువ. ఎదురుగా ఎక్కువ భాగం ఏది ఉంటే దాన్నే నమ్ముతుంది. నా వెనక అంత పెద్ద తెల్లగోడ కనపడగానే, అబ్బో ఇక్కడ వెలుతురు జాస్తిగా ఉందని తన కన్ను తానే సగం మూసుకుంటుంది. గోడ చక్కగా పడుతుంది. మునిగిపోయేది నా మొహం. తెర మీద నా మొహం దగ్గర వేలు పెట్టి నొక్కితే మొహం తేలుతుంది కానీ గోడ భగ్గుమని, నా జుట్టూ చెవులూ అందులో కరిగిపోతాయి. దుప్పటి కట్టి చూద్దామంటే నాయన మేకు కొట్టనివ్వడు. బీరువా మీద నుంచి వేలాడదీస్తే అది నిమిషానికోసారి జారి నా నెత్తిన పడేది. స్టూడియోలో జరిగింది కూడా ఇదేనని నాకు అప్పటికి అర్థమైంది. యదునందన్ సార్ ఎన్ని లైట్లు జరిపినా గోడ వైపు మాత్రం ఒక్కసారీ చూడలేదు.

గోడ ముదురు రంగులో ఉండాలి. మా కాలనీ వెనక గుట్ట కింద ఎర్రమట్టి కావలసినంత ఉంది. ఒక రాత్రి అన్నం తినేటప్పుడు నాయనతో అన్నాను.

"నాయనా, ఆ గోడకు ఎర్రమట్టి పూద్దామా?"

ఆయన చేతిలో ముద్ద ఆగింది.

"యా గోడకు?"

"ఆ గోడకే. వెనక తెల్లగా ఉంటే నేను కనపడటం లేదు."

నాయన కంచం పక్కకు జరిపాడు. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

"మట్టిగోడల్లో పుట్టినా. మట్టిగోడల్లోనే పెండ్లి చేసుకున్నా. వానకు గోడ జారతా ఉంటే మీ అమ్మ నిన్ను వొళ్లో పెట్టుకోని తెల్లారేదాకా మంచం మీద కూసోనింది. తిరప్తిలో ఎవురెవురి ఇండ్లకో తెల్లగా కొట్టినా. నాకని ఒగ గోడ. ఒగటే. దానికీ మట్టేనా?"

 ఎమ్మెస్సీలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

జాతర చాటింపు వేసిన వారంలోనే యదునందన్ సార్ మా ఇంటికి వచ్చాడు. అమ్మ మజ్జిగ ఇచ్చింది. నాయన కుర్చీ తెచ్చి గోడకు ఎదురుగా వేశాడు. సార్ గోడ చూసి, "గోడ భలే ఉందే, మా స్టూడియోలో మాదిరి" అన్నాడు.

"అదీ నేనే కొట్టినా సార్" అన్నాడు నాయన. ఆయన మొహం వెలిగింది. నేను తల దించుకున్నాను.

సార్ వచ్చిన పని వేరే. గోదా పాఠాలు బాగానే చూస్తున్నారట. సప్లిమెంటరీ పిల్లల కోసం లైవ్ పెడితే, ప్రశ్నలు అడుగుతున్నారట. గోదా బిత్తరపోతోందట.

"మీరు పక్క గదిలో కూర్చుంటే చాలు మేడమ్. ఆమె చెవిలో చిన్న ఇయర్‌ఫోన్ పెడతాం. మీరు చెప్పింది ఆమె చెబుతుంది. జీతం పెంచుతాం."

"నా పేరు?"

"కింద వస్తుంది. కంటెంట్ సపోర్ట్ అని, చిన్నగా. జాతర అయ్యేలోపల చెప్పండి. లేకుంటే వేరేవాళ్లను చూసుకోవాల."

ఆయన వెళ్లాక అమ్మ గ్లాసు కడుగుతూ, "పో మే" అంది. "మొహం కూడు పెడతాదా? నీ చదువు నీకుండాది. ఎవురి నోట్లో నుంచి వస్తే ఏమి?"

"నేను చదువుకునేటప్పుడు బోర్డు ముందర మన మాదిరి మొహం ఒక్కటి చూడలేదు అమ్మా. ఒక్కటి కూడా. జయంతి వాళ్లు కూడా చూడకుండానే పోవాలా?"

 గ్లాసు అప్పటికే శుభ్రంగా ఉంది, అమ్మ మళ్లీ కడిగింది.

ఆ ఆదివారం చర్చి నుంచి నిర్మలమ్మక్కతో కలిసి వచ్చింది అమ్మ. ఆకుపచ్చ చీరలో ఉంది. నిర్మలమ్మక్క వాకిట్లోనే నవ్వుతూ చెప్పింది.

"మే రెబెకా, మీ అమ్మను ఈ పొద్దు అందరూ అడిగినారు. ఏం సంతోషమ్మా, తెల్లచీర ఏమయింది, అమ్ముకున్నావా అని. ఏమనిందో తెలుసునా? 'అమ్మలే. నా చీర ఈ నెల బడికి పోతా ఉండాది' అనింది."

అమ్మ ఆ మాట విననట్టు లోపలికి వెళ్లి, కిటికీకి కట్టిన చీర ముడి విప్పి ఇంకా గట్టిగా కట్టింది. ఇక ఆ ఉద్యోగం మాట ఎత్తలేదు.

జాతర వచ్చింది. దుర్మార్గుడైన పాలెగాణ్ని వెతకడానికి గంగమ్మ రోజుకో వేషం వేసిందని, తిరుపతి గంగ జాతరలో జనం కూడా రోజుకో వేషం వేస్తారు. నాయనకు చిన్నప్పటి మొక్కు, తోటి వేషం నాడు మాత్రం తప్పకుండా వేస్తాడు. ఒళ్లంతా బొగ్గు పూసుకుని, వేపమండలు కట్టుకుని గంగమ్మ గుడికి పోతాడు. బొగ్గు నూరేటప్పుడు ప్రతి ఏడూ అనే మాటే ఆ ఏడూ అన్నాడు.

"ఊరోళ్లకు ఇది వేషం. మా నాయనకు ఉద్యోగం."

మా తాత నిజంగానే ఊరి తోటి. గ్రామానికి వెట్టి చేసిన మనిషి. నేను ఆయన్ను చూడలేదు. ఫొటో కూడా లేదు.

మధ్యాహ్నం నాయన జాతర నుంచి తిరిగొచ్చేసరికి నేను ఫోనుతో కుస్తీ పడుతున్నాను. అమ్మ బయట చీర పట్టుకుని ఉంది. కుర్చీలో ఎవరన్నా కూర్చుంటే కానీ వెలుతురు ఎట్లా పడుతుందో చూసుకోలేను.

"నాయనా, కడుక్కోబాకు. రొంత సేపు ఈడ కూర్చో."

"బొగ్గు అంటుతాది మే కుర్చీకి."

"నేను తుడుస్తా. కూర్చో."

కూర్చున్నాడు. జాతర ఉత్సాహం ఇంకా దిగలేదు. బయట నుంచి అమ్మ, "ఏమయ్యా, సినిమాలో చేరినావా?" అంటే, "నువ్వు గమ్మున చీర పట్టుకో. హీరో మీద లైటు సరిగ్గా పడాల" అన్నాడు. కాసేపు తీసి, ఫోను ఆయన చేతికిచ్చాను.

నాయన ముందు నవ్వాడు. "అబ్బా, నా గోడ భలే పడిందే."

తర్వాత ఫోను దగ్గరికి తీసుకున్నాడు. తెల్లటి గోడ, దాని ముందు కుర్చీ చేతులు, వేపాకులు, రెండు కళ్లు. మధ్యలో మనిషి ఉండవలసిన చోట ఒక నల్లటి గుంత.

"నేను యాడ?" అన్నాడు.

జయంతి అడిగిన మాటే. 

"బొగ్గు పూసుకున్నా కదా, అందుకే" అన్నాడు తనే. లేచి బయట తొట్టి దగ్గరికి పోయాడు. సీకాయ పెట్టి రుద్దుకోవడం లోపలికి వినపడుతూనే ఉంది. మొహం కడుక్కుని, తువాలుతో ఒత్తుకుంటూ వచ్చి మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు.

"ఇప్పుడు తియ్."

తీశాను. ఇచ్చాను. ఆయన చాలాసేపు చూశాడు. వెనక్కి తిప్పి మళ్లీ చూశాడు. నెత్తి మీది నుంచి నీళ్లు ఫోను మీద పడుతుంటే బొటనవేలితో తుడుచుకుంటూ చూశాడు.

"బొగ్గు కడిగినా అంతే ఉండాదే" అన్నాడు.

ఫోను నా చేతిలో పెట్టి, "అన్నం పెట్టు" అన్నాడు. 

మర్నాడు పొద్దున బకెట్టు చప్పుడుకు మెలకువ వచ్చింది. వాకిట్లో నాయన ఎర్రమట్టి కుప్ప ముందు గొంతుకూర్చుని ఉన్నాడు. నేను లేవకముందే గుట్టకు పోయి వచ్చినట్టున్నాడు. వేషానికి నూరగా మిగిలిన బొగ్గుపొడి ఒక పక్క, అమ్మ వార్చిన గంజి ఒక పక్క. నేను వెళ్లి నిలబడ్డాను.

"నాయనా, మట్టి వద్దంటివే."

"గమ్మున జల్లెడ పట్టు."

పట్టాను. మట్టి, బొగ్గు, గంజి కలిపి గుడ్డతో వడగట్టాడు. ముంజేతి మీద రాసుకుని చూశాడు, ఇంకొంచెం బొగ్గు వేశాడు. అది మట్టి రంగూ కాదు, బొగ్గు రంగూ కాదు. వాన పడి ఆగాక దున్నిన చేను ఉంటుందే, ఆ రంగు. కుంచె ముంచి గోడ ముందుకు వెళ్లాక మాత్రం ఒక్క క్షణం ఆగాడు. అరచేత్తో గోడను ఒకసారి తడిమాడు. తర్వాత మొదటి గీత గీశాడు. అంతే, ఇక ఆగలేదు.

అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. "ఏమయ్యా, తోటి వేషం నీకు చాలక గోడకు కూడా వేసినావా?"

"వేస్తే ఏమి? గంగమ్మ తల్లే వేసింది."

నాకు ఆగక అడిగాను. "నాయనా, మళ్లా మట్టిగోడ అయిపోయిందే అని బాధ లేదా?"

ఆయన కుంచె దించకుండానే చెప్పాడు. "మట్టిగోడ కాదు ఇది. మట్టిగోడకు లోపలా మట్టే ఉంటాది. దీని లోపల సున్నం ఉండాది. అది నేను కొట్టింది, యాడికీ పోదు."

అలమర పక్కన, కెమెరాకు అందని మూలలో, పైనుంచి కిందిదాకా జానెడు వెడల్పున తెలుపు వదిలేశాడు. "అది నాది. దాని జోలికి రాబాకు" అన్నాడు. రాలేదు. ఇప్పటికీ నేను ఊడ్చేటప్పుడు ఆ మూలకు చీపురు కూడా తగలనివ్వను.

గోడ ఆరిన మధ్యాహ్నం వీడియోకు కూర్చున్నాను. నిర్మలమ్మక్క అడగకుండానే టీవీ ఆపింది. పుంజు గంప కిందికి పోయింది. రైలు పోయింది. కిటికీ బయట చీర ఒక అంచు అమ్మ పట్టుకుంది. రెండో అంచు పట్టుకోవడానికి నాయన వెళ్లాడు. "నీ నీడ పడతా ఉండాది, వొంగు" అని అమ్మ అనడం, "నువ్వు మాట్లాడబాకు, పాఠంలో పడతాది" అని ఆయన అనడం, రెండూ రికార్డయ్యాయి. తీసేయలేదు. ఇప్పటికీ ఆ వీడియో మొదట్లో చెవి పెట్టి వింటే వినపడతాయి.

పాఠం మొదలుపెట్టాను.

"వెలుతురు ఒక వస్తువు మీద పడితే రెండు పనులు జరుగుతాయి. కొంత తిరిగి వస్తుంది, కొంత లోపలికి పోతుంది. తెల్లటిది ఎక్కువ తిప్పి కొడుతుంది. నల్లటిది ఎక్కువ పట్టుకుంటుంది. ఎవరన్నా మిమ్మల్ని చూసి, ఈ మొహం లైటు పట్టదు అంటే, వాళ్లకు ఫిజిక్స్ రాదని అర్థం. లైటును పట్టుకునే గుణం నల్లదానికే ఉండాది. రాసుకోండి. ఇది పరీక్షలో వస్తుంది."

ఉండాది అన్నాను. నోరు జారి కాదు.

ఆ సాయంత్రం జయంతి మెసేజ్ వచ్చింది. ఈసారి ఎగతాళి లేదు. "అక్కా, కనపడినావు" అని ఒక్క మాట. కాసేపటికి ఇంకోటి. "మా అమ్మ కూడా చూసింది. ఈమె మన సంతోషమ్మ కూతురే కదా అనింది. అవునన్నా."

యదునందన్ సార్ ఫోను చేశాడు. జాతర అయిపోయింది కదా, ఏమాలోచించారని అడిగాడు. ఎవరో పంపితే వీడియో చూశాడట.

"లైటింగ్ చాలా బాగుంది మేడమ్. ఎవరు చేశారు?"

"మీ స్టూడియోకు సున్నం కొట్టినాయనే సార్."

ఆయన మళ్లీ అడిగేలోపే నేనే చెప్పాను.

"గోదాకు ఏదన్నా అర్థం కాకపోతే మా ఇంటికి రమ్మనండి. చెప్తాను. చెవిలో కాదు సార్, ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్తాను."

గోదా వచ్చింది కూడా. రెండు సార్లు వచ్చి, కింద చాప మీద కూర్చుని కటకాలు నేర్చుకుంది. వెళ్లేటప్పుడు అమ్మకు మామిడిపండ్లు ఇచ్చింది. "అక్కా, ఆ చెవిలో పెట్టుకునేది నాకూ నచ్చలా. నేనేదో బొమ్మ మాదిరి" అంది. ఆ పిల్ల మీద నాకు అంతకుముందు కోపం ఉండేది. ఆ పూట పోయింది.

జయంతి పాసైంది. ఇంకో పిల్ల మళ్లీ తప్పింది. ఆమె కోసం అవే పాఠాలు ఇంకా నిదానంగా మళ్లీ తీశాను. వానలు మొదలయ్యాయి, ఎండ తగ్గింది, అమ్మ చీర చర్చికి తిరిగి వెళ్లింది. రోజూ ఎండకు కాగి చీర ఒక పక్క లేత పసుపుకు తిరిగింది. ఆ పసుపు పక్కనే పైకి కనపడేలా కుచ్చిళ్లు పెట్టుకుని పోతుంది అమ్మ.

ఇప్పుడు నా వీడియోలు చాలా ఊళ్ల పిల్లలు చూస్తున్నారు. నగరి నుంచి, సూళ్లూరుపేట నుంచి ప్రశ్నలు పంపుతారు. కొందరు పెద్దవాళ్లు, "పల్లెటూరి సెట్టింగ్ బాగుంది మేడమ్, ఆ మట్టిగోడ ఎక్కడ వేయించారు?" అని కూడా అడుగుతుంటారు. వాళ్లకూ, మీకూ ఇక్కడే జవాబు చెబుతున్నాను. అది సెట్టింగ్ కాదు. మట్టిగోడ అంతకన్నా కాదు. ఆ మట్టి కింద పాల మాదిరి తెల్లటి గోడ ఒకటి ఉండాది. బతుకంతా ఊరి గోడలు తెల్లగా కొట్టి, తనకంటూ ఒక్క గోడ తెల్లగా కొట్టుకుని, కూతురి మొహం కనపడాలని దాన్ని తన చేత్తోనే కప్పేసిన మనిషి ఒకరు ఉండారు. ఆయన పేరు వెంకటముని. నా మొహం మీకు కనిపించినప్పుడల్లా, నా వెనక కనిపించని ఆ తెలుపునూ ఆయన్నూ ఒకసారి తలుచుకోండి.